మట్టికి బంగారు వన్నె

చరిత్ర యనగా రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు మాత్రమే యను భావము విద్యార్థి లోకమున నాటుకొని యున్నది. కుమ్మరి చేతిపని చరిత్ర కాదా? ముమ్మాటికి చరిత్రయే యని మా అభిప్రాయము. మధ్యయుగ ఇస్లామీయ దేశములందలి మెరుపుపూత పాత్రల కథయే ఇందుకు తార్కాణము.

క్రీ.శ. 9వ శతాబ్దమున, అబ్బాసీ ఖలీఫాల ఏలుబడిలోని ఇరాక్‌లో ఈ కళ మట్టిపాత్రలపై వికసించెను. అంతకు ముందే ఈజిప్టు, సిరియాలలో గాజుపై ఇట్టి చిత్రణ కలదు. తెల్లని మెరుగుపూత పూసి కాల్చిన పాత్రపై, వెండి, రాగి సమ్మేళనములు కలిపిన మట్టితో లతలు, పక్షులు, అక్షరములు చిత్రించి, తక్కువ వేడిమిలో, గాలి చొరనీయక పొగ నింపిన ఆవమున మరల కాల్చెడివారు. చల్లారిన పిమ్మట పైమట్టిని తుడువగా పలుచని లోహపు పొర పసిడివలె తళుక్కుమనును. అందు బంగారము రవ్వంతయు లేదు! పొగ పాలు తప్పినచో శ్రమ యంతయు వ్యర్థమే.

ఈ విద్య ఫాతిమీల ఈజిప్టునకు, ఇరాన్‌లోని కాషాన్‌కు, స్పెయిన్‌లోని మలగాకు ప్రాకెను. 1301లో కాషాన్ కుమ్మరి వంశీయుడగు అబుల్ ఖాసిం ఈ పని మర్మములను ఫారసీలో గ్రంథస్థము చేసెను. పింగాణి పెంకులకు ఫారసీలో గల 'కాషీ' యను పేరు ఆ పట్టణమునుండి వచ్చినదే.

ఇది పరదేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. 1591లో వెలసిన హైదరాబాదు నిర్మాణమున ఇరాన్‌నుండి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ప్రముఖుడు. అచటి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలపై కుతుబ్‌షాహీల నాటి పెంకుల పని నేటికిని కలదు. అది మెరుపుపూత కాదు; రంగురంగుల పెంకులను కోసి కూర్చిన పని. అయినను రెండును ఇరాన్ కుమ్మరుల కొలిమిలో పెరిగిన విద్యలే. 1908 మూసీ వరదలో గోడల అడుగుభాగపు పెంకులు చెడిపోగా, ఆ చోట్ల రంగులతో అనుకరణము చేసిరి. రంగు పూసిన గోడ నిండును గాని, పోయిన విద్య తిరిగి రాదు గదా!

గోదావరి ఒండ్రుమట్టి నడుమ నున్న రాజోలు వారమగు మనకు ఈ మాట మరింత వర్తించును. స్టీలు, ప్లాస్టిక్కు వచ్చిన పిమ్మట కుమ్మరి సారెకు గిరాకీ తగ్గినది. తండ్రి విద్య కొడుకునకు అందనిచో వ్రాసిపెట్టు అబుల్ ఖాసిం మనలో ఎవరు?

కావున కళాశాల కార్యవర్గమునకు మా మనవి రెండు. విహారయాత్రలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను, సాలార్‌జంగ్ మ్యూజియమును తప్పక చేర్చవలెను. ఉర్దూ, తెలుగు విద్యార్థులు జంటలుగా మన కుమ్మరుల కడకేగి, మట్టి పాకము మొదలు ఆవము కాల్పు వరకు వారి పనిని, పనిముట్ల పేర్లను ఉభయ భాషలలో వ్రాసికొను ఏర్పాటు చేయవలెను. దీనికి ధనము అంతగా అక్కరలేదు, శ్రద్ధ కావలెను. మట్టికి బంగారు వన్నె తెచ్చినదియు అదియే.