వంకర వేళ్లు... లక్ష ఆపరేషన్లు!

కాన్పులు చేసే డాక్టరు కావాలనుకున్నారు, కంటి డాక్టరయ్యారు. పెన్ను పట్టడానికే మొరాయించిన వేళ్లతో లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. పింఛను తీసుకుని మనవలతో కాలక్షేపం చేసే వయసులో కొత్తగా ఆస్పత్రి పెట్టారు. సైన్యం నుంచి జబ్బుతో తిరిగొచ్చిన ఆ డాక్టరు పేరు గోవిందప్ప వెంకటస్వామి. రోగులకూ తోటి వైద్యులకూ 'డాక్టర్ వి'.

ఇసుకలో ఓనమాలు

రొళ్ల, అగళి, మడకశిర వైపు ఇంట్లో ఓ భాష, బజార్లో ఇంకో భాష వినిపించడం మామూలే. తమిళనాడు దక్షిణాన, ఎట్టయపురానికి దగ్గర్లో ఉన్న వడమలాపురంలోనూ అంతే. ఆ పల్లెలో ఓ తెలుగు రైతు కుటుంబంలో 1918 అక్టోబరు 1న పుట్టారు వెంకటస్వామి. బడి ఉంది కానీ పలకలూ పుస్తకాలూ కొనే స్తోమత లేదు. ఏటి ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుకలోనే వేలితో అక్షరాలు దిద్దేవారు పిల్లలు.

ఆ ఊళ్లో డాక్టరూ లేడు. వెంకటస్వామి చిన్నతనంలోనే వరసకు అక్కచెల్లెళ్లయ్యే ముగ్గురు గర్భిణులుగా ఉండగానో, కాన్పయిన వెంటనేనో చనిపోయారు. పురుళ్లు పోసే డాక్టరు కావాలని అప్పుడే గట్టిగా అనుకున్నాడా పిల్లాడు. మదురైలోని అమెరికన్ కాలేజీలో 1938లో డిగ్రీ పూర్తి చేశాడు. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాల నుంచి డాక్టరుగా బయటికొచ్చాడు. అది రెండో ప్రపంచయుద్ధ కాలం. యువ వైద్యుడు సైన్య వైద్య విభాగంలో చేరాడు.

గాయం కాదు, జబ్బు!

1948లో సైన్యాన్ని వదిలి రావాల్సి వచ్చింది. తూటా తగిలి కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వల్ల. ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత కీళ్లమీదే దాడి చేసే జబ్బిది. నెలల తరబడి మంచానికే పరిమితమయ్యారు. లేచి నడిచేసరికి చేతివేళ్లు శాశ్వతంగా వంకర్లు తిరిగిపోయాయి. ఆ చేతులతో కాన్పులు చేయడం అసాధ్యమని తేలిపోయింది. చిన్ననాటి కల అక్కడితో ముగిసింది.

వైద్యాన్ని మాత్రం ఆయన వదల్లేదు. కంటి వైద్యం వైపు మళ్లారు. 1951లో డిప్లొమా, 1954లో ఎం.ఎస్. పూర్తి చేశారు. కంటి ఆపరేషన్‌కి పెద్దగా బలం అక్కర్లేదు. కావాల్సింది నిలకడ. తన వేళ్లకు అనువైన పరికరాలు తయారుచేసుకుని, వాటిని ఎలా పట్టుకోవాలో పసిపిల్లాడిలా మొదట్నుంచీ నేర్చుకున్నారు. కొన్నాళ్లకి ఒక్కరోజులో వంద శుక్లాల ఆపరేషన్లు చేసే స్థాయికి చేరారు.

1956 నుంచి మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగాధిపతిగా ఉన్నారు. రోగులు వచ్చేదాకా ఆగకుండా పల్లెల్లో కంటి శిబిరాలు పెట్టారు. 1973లో పద్మశ్రీ అందుకున్నారు. ఇక పదవీ విరమణే మిగిలింది.

పదకొండు మంచాలు

1976లో, 58వ ఏట ఉద్యోగం ముగిసింది. అదే ఏడాది మదురైలో పదకొండు మంచాలతో అరవింద్ కంటి ఆస్పత్రి తెరిచారు. అందులో ఆరు డబ్బు కట్టలేని వాళ్లకి, ఐదు కట్టగలిగిన వాళ్లకి. పెట్టుబడి కోసం ఇల్లు తాకట్టు పెట్టారు. ఇంట్లో నగలు కుదువపెట్టారు. ఆయన పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి సహా తోబుట్టువుల కుటుంబాలే ఆయన వెంట నడిచాయి.

ఉచితంగా చేస్తే ఆస్పత్రి ఎన్నాళ్లు నడుస్తుంది? డాక్టర్ వి చూపిన దారి సూటిగా ఉంటుంది. స్తోమత ఉన్నవాళ్లు డబ్బు కడతారు. ఆ మిగులుతో లేనివాళ్లకి ఉచితంగా చేస్తారు. డబ్బిచ్చినవాళ్లకి సౌకర్యమైన గది దొరుకుతుంది, ఇవ్వనివాళ్లు చాప మీద పడుకుంటారు. తేడా అంతవరకే. ఇద్దరికీ ఆపరేషన్ చేసే డాక్టర్లు ఒక్కరే.

దీనికి వేగం కావాలి. అమెరికా వెళ్లినప్పుడు మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు ఆయన్ని ఆకట్టుకున్నాయి. ఏ ఊళ్లో చూసినా ఒకే పద్ధతి, ఒకే నాణ్యత. కంటి వైద్యాన్నీ అలా ఎందుకు అందించకూడదు అనుకున్నారు. ఆపరేషన్ గదిలో రెండు బల్లలు పక్కపక్కనే వేయించారు. ఒకరికి ఆపరేషన్ జరుగుతుండగానే రెండో బల్లమీద ఇంకొకరిని సిద్ధం చేస్తారు. సర్జన్ అటు తిరిగితే చాలు. కంటి పరీక్షల దగ్గర్నుంచి ఆపరేషన్‌లో సాయం వరకూ ఎన్నో పనులు చేసేది పల్లెల నుంచి వచ్చి రెండేళ్లు శిక్షణ పొందిన అమ్మాయిలే.

అనుభవం ఇంకో పాఠం నేర్పింది. ఆపరేషన్ ఉచితమన్నా పల్లెజనం రాలేదు. బస్సు ఛార్జీ, తిండి ఖర్చు, తోడొచ్చేవాళ్ల కూలి... ఇవన్నీ ఎవరిస్తారు? అందుకే శిబిరంలో పరీక్షించి, బస్సెక్కించి, భోజనం పెట్టి, ఆపరేషన్ చేసి, మళ్లీ ఊళ్లో దింపే ఏర్పాటు చేశారు.

సోడాబుడ్డి కళ్లద్దాలు పోయాయ్!

ఒకప్పుడు శుక్లం తీస్తే సోడాబుడ్డి కళ్లద్దాలు తప్పేవి కావు. కంటిలోపలే అమర్చే లెన్సులు వచ్చినా, విదేశీ సరుకు కావడంతో పేదలకి అందుబాటులో ఉండేవి కాదు. అందుకే 1992లో ఆరోల్యాబ్ మొదలైంది. అదే లెన్సు పదోవంతు కన్నా తక్కువ ఖర్చులో మదురైలోనే తయారైంది. తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లింది.

డాక్టర్ వి 2006 జులై 7న, 87వ ఏట కన్నుమూశారు. ఆస్పత్రి ఆగలేదు. 2008లో గేట్స్ అవార్డు, 2010లో హిల్టన్ మానవతా పురస్కారం అరవింద్‌ని వెతుక్కుంటూ వచ్చాయి. 2019లో తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన స్థలంలో తిరుపతిలోనూ అరవింద్ ఆస్పత్రి మొదలైంది. రాయలసీమ వాసులకి మదురై దాకా వెళ్లే శ్రమ తగ్గింది.

అయినా మన ఇళ్లల్లో ఓ మాట ఇంకా వినబడుతూనే ఉంది. 'ఈ వయసులో ఇంకేం చూస్తాంలే' అంటూ తాతయ్యలూ అవ్వలూ మసకచూపుతోనే సర్దుకుపోతుంటారు. శుక్లం ముదిరేదాకా ఆగాలనే పాత నమ్మకం కొందరిది, చుక్కల మందుతో కరిగిపోతుందనే ఆశ ఇంకొందరిది. రెండూ నిజం కాదు. చూపు మందగించి పనులకి ఇబ్బందవుతుంటే ఆపరేషన్ చేయించుకోవచ్చు. శుక్లాన్ని తొలగించే మార్గం అదొక్కటే. చూపు వస్తే పెద్దాయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పొలానికి వెళ్లొస్తారు. అవ్వ బియ్యంలో రాళ్లు తనే ఏరుకుంటుంది.

'వయసైపోయింది' అనుకోవడానికి డాక్టర్ వికీ 58 ఏళ్లప్పుడు కావాల్సినన్ని కారణాలున్నాయి. పైగా వంకరపోయిన వేళ్లు కూడా! ఆయన అలా అనుకోలేదు కాబట్టే లక్షలమంది లోకాన్ని మళ్లీ చూడగలిగారు.