కానుగకు మూడు ఎండాకాలాలు

మార్చిలో బాపు ఫోన్ చేశాడు. "ఇంటి ముందటి కానుగ కొట్టేద్దాం బిడ్డా. ఆకులన్నీ రాలుతున్నయ్. ఉన్నవాటికి బుడిపెలొచ్చినయ్. దానికేదో రోగం తగిలింది."

ఆ చెట్టు నేను నాటిందే. 2020లో లాక్‌డౌన్ వచ్చి, వర్క్ ఫ్రమ్ హోమ్ అని లింగంపేటకు వచ్చేసినప్పుడు ఊరి నర్సరీ నుంచి రెండు కానుగ మొక్కలు తెచ్చాను. ఎండాకాలంలో మా ఊళ్లో చల్లగా ఉండాలంటే నాగన్న బావి మెట్లు దిగాలి. మా వీధిలో మాత్రం నీడనే మాటే లేదు.

రెండింట్లో ఒకటి మొదటి ఎండాకాలమే చచ్చిపోయింది. తప్పు నాదే. రోజూ చెంబెడు నీళ్లు పోసి, ఫోటో తీసి స్టేటస్ పెట్టేవాణ్ణి. పైమట్టి తడిసేది, కింద ఎండిపోయేది. తడి పైపైనే ఉంటే వేర్లూ పైపైనే తిరుగుతాయి, మే నెల ఎండకు మాడిపోతాయి. రెండోదాన్ని బాపు చూసుకున్నాడు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు బకెట్లు, మెల్లగా ఇంకేలా. మొదట్లో ఎండుటాకులు పరిచాడు. ఆయన ఇవన్నీ గూగుల్ చేసి నేర్చుకోలేదు.

మన దగ్గర మొక్క నాటడం పండగలా జరుగుతుంది. 2015లో హరితహారం మొదలైనప్పుడు మేం కూడా గుంతలు తవ్వాం, గ్రూప్ ఫోటోలు దిగాం. 2018 పంచాయతీరాజ్ చట్టంలోనైతే నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాశారు. బతకడం మాత్రం కాగితం మీద జరగదు. కోడ్ డెప్లాయ్ చేసి ఫోన్ స్విచాఫ్ చేసే ఇంజినీర్‌ను ఎవరూ మెచ్చుకోరు. మొక్క విషయంలో మనందరం ఆ ఇంజినీర్లమే.

మా కానుగకు రెండో గండం కూడా నేనే తెచ్చాను. గాలికి ఒరగకుండా కర్ర పాతి నైలాన్ తాడుతో కట్టి, హైదరాబాద్ వెళ్లిపోయాను. ఏడాదిన్నర తర్వాత వచ్చి చూస్తే తాడు బెరడులోకి దిగిపోయి ఉంది. బ్లేడుతో మెల్లగా కోసి తీశాను. ఆ గాటు ఇప్పటికీ కనిపిస్తుంది. కట్టాలంటే పాత గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. ఏడాదికల్లా విప్పేయండి.

మూడోది కరెంటు తీగలు. చెట్టు తీగలను తాకుతోందని ఒకరోజు ఎవరో వచ్చి తల నరికి పోయారు. అక్కణ్ణుంచి గుత్తిగా పిలకలు లేచాయి. బలంగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి కోశాం. అసలు తప్పు నాటినప్పుడే జరిగింది. తల ఎత్తి పైకి చూడకుండా గుంత తవ్వాను.

ఇన్ని దాటిన చెట్టును ఇప్పుడు కొట్టేయాలా? ఆ శనివారమే బస్సెక్కాను.

ఆకులను దగ్గర నుంచి చూశాను. ఆ బుడిపెలు కంటికి కనిపించని నల్లి వల్ల వస్తాయి. చూడ్డానికి బాగుండవు గానీ చెట్టును చంపవు. ఇక ఆకులు రాలడమంటారా, అది కానుగ అలవాటే. ఎండలు ముదిరేలోపు పాతవి రాల్చేసి లేతాకులు తొడుగుతుంది. మనకు నీడ కావాల్సిన రోజులకు సరిగ్గా సిద్ధమవుతుంది. వేర్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అందుకే సాదా నేలలో కూడా నిలదొక్కుకుంటుంది. మా తాత పొలంలో కానుగ రొట్ట తొక్కించిందీ అందుకే.

"నెల ఆగుదాం బాపూ" అన్నాను. ఆయన గొడ్డలి లోపల పెట్టాడు గానీ, నమ్మలేదు.

ఏప్రిల్ చివర్లో మళ్లీ ఫోన్. నాకు గుండె దడ.

"చెట్టు సంగతేంది బాపూ?"

"ఏముంది, ఊళ్లె ఆటోలన్నీ దాని కిందనే. మన బండి పెట్టుకుందామంటే జాగ లేదు."