హ్యాండిల్ వణికితే చేతులు బిగించడం వైద్యం కాదు

ఈ వారం బండి గురించి రాస్తున్నాను. నవ్వకండి. మన పల్లెల్లో బండి లేని ఇల్లు తక్కువ, బండి మీద ప్రాణం పెట్టి తిరగని మనిషి ఇంకా తక్కువ.

"అయ్యగారూ, యాభై దాటితే హ్యాండిల్ ఊగులాడుతాంది" అనే మాట ఆదివారం కూడిక అయిపోయాక చెట్టు కింద ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పక్కనున్నవాళ్ల జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది. "గట్టిగా పట్టుకోప్పా, ఏం గాదు." నా పేచీ ఈ జవాబుతోనే. గట్టిగా పట్టుకుంటే వణుకు కంటికి కనిపించకుండా పోతుంది గానీ బండిలో నుంచి పోదు. ఏ రోజో ఒక చేత్తో కండువా సర్దుకుంటాం, గుంత తప్పిస్తాం, వెనక కూర్చున్న బిడ్డ జారుతుంటే చెయ్యి వెనక్కి పెడతాం. వణుకు ఆ క్షణం కోసమే కాచుకొని ఉంటుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం వెనక ఒక్కరినే ఎక్కించుకోవాలి. మన దగ్గర ట్యాంకు మీద ఒక బిడ్డ, వెనక భార్య, ఆమె ఒళ్లో ఇంకో బిడ్డ, హ్యాండిల్‌కు ఒక సంచి. చట్టం సంగతి అటుంచండి. ఆ హ్యాండిల్ పట్టుకున్నవాడికి వణుకు తెలుస్తుంది. వెనక కూర్చున్న తల్లికి తెలియదు. ఆమె నమ్మి కూర్చుంది. గనుక చూసుకోవలసిన బాధ్యత తెలిసినవాడిదే.

ముందుగా, చేతికి తగిలే ప్రతి అదురూ ఈ జబ్బు కాదు. బండి నిలబెట్టి యాక్సిలరేటర్ తిప్పినప్పుడు కూడా చేతులు జివ్వుమంటే అది ఇంజను అదురు. బ్రేకు పట్టినప్పుడు మాత్రమే కొట్టుకుంటే బ్రేకు డ్రమ్మునో డిస్కునో చూడాలి. ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే చక్రాలు ఒక వరుసలో లేవు, లేదా ఫోర్కు వంగింది. మనం చెప్పుకుంటున్న వణుకు వేరు. నునుపైన రోడ్డు మీద, ఎక్కువగా నలభై, అరవై మధ్య, యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గుతున్నప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ చకచకా కొట్టుకుంటుంది. ఇంకొకటి దీని అన్నలాంటిది. హ్యాండిల్ కాదు, బండి మొత్తం నడుము దగ్గర నుంచి నిదానంగా పాములా ఊగుతుంది. ఇంగ్లండులో రాబిన్ షార్ప్ అనే ఇంజనీరు 1971లో రాసిన పరిశోధన పత్రంలో ఈ రెండింటినీ లెక్కలు కట్టి వేరు చేసి చూపించాడు. మొదటిదాన్ని వాబుల్ అంటారు, రెండోదాన్ని వీవ్ అంటారు. మొదటిది సెకనుకు ఇంచుమించు ఆరు నుంచి పది సార్లు కొట్టుకుంటుంది, రెండోది రెండు నుంచి నాలుగు సార్లు ఊగుతుంది. మనకు అక్కరకొచ్చే సంగతి ఏమిటంటే, చకచకా వణికితే ముందు భాగం నుంచి వెతకడం మొదలుపెట్టాలి, నిదానంగా ఊగితే వెనక నుంచి.

కొందరు రోడ్డును తప్పు పడతారు. "ఊర్లో బాగానే ఉంటాది, హైవే ఎక్కితేనే ఊగుతాది" అంటారు. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ల లారీలు తొక్కిన రోడ్ల మీద, కోయిలకుంట్ల దగ్గర వాన వెలిసి గాడులు ఎండిపోయిన రేగడి దారుల మీద ముప్పై దాటడమే గగనం. ఆ కుదుపుల్లో చిన్న వణుకు ఎవరికి తెలుస్తుంది? అదే బండి నంద్యాల దాటి మైదుకూరు వైపు 44 కాదు, 40వ నంబరు జాతీయ రహదారి ఎక్కి అరవై పట్టిందంటే దాగి ఉన్నది బయటపడుతుంది. హైవే జబ్బు తేలేదు, చూపించింది.

ఇక వెతకడం. మెకానిక్ దగ్గరికి పోయి మనం మొదట అడిగేది "ఏ పార్టు పోయిందన్నా?" అని. మొదట అడగవలసింది మనల్ని మనమే, "ఇది ఎప్పటి నుంచి?" అని. నా అభిప్రాయంలో సగం వైద్యం ఈ ప్రశ్నలో ఉంది. ముందు టైరు మార్చిన రోజు నుంచా? అయితే టైరు రిమ్ములో సరిగా కూర్చోలేదేమో. టైరు పక్కన రిమ్ము అంచును ఆనుకొని ఒక సన్నని గీత చుట్టూ ఉంటుంది. అది ఒకచోట పైకి, ఒకచోట లోపలికి ఉంటే కూర్చోనట్టే. గాలి తీసి మళ్లీ ఎక్కించాలి, అంతే ఖర్చు. వెనక పంచరు వేయించిన రోజు నుంచా, చైను బిగించిన రోజు నుంచా? వెనక ఇరుసుకు రెండు పక్కలా గీతలుంటాయి. కుడి పక్క మూడో గీత మీద, ఎడమ పక్క నాలుగో గీత మీద ఉంటే వెనక చక్రం వంకరగా నడుస్తోంది. గుంతలో పడ్డ రోజు నుంచా? రిమ్ము, స్పోకులు, ఫోర్కు. క్యారియరు కట్టించి పాల క్యాన్లు వేలాడదీసిన రోజు నుంచా? అయితే బండికి జబ్బే లేదేమో.

ఏదీ గుర్తు రాకపోతే డబుల్ స్టాండ్ వేయండి. ఒకరు వెనక క్యారియరు మీద బరువు వేస్తే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. చక్రం ముందు కూర్చుని ఫోర్కు రెండు కాళ్లనూ కింద పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊపండి. లోపల టక్కుమని తగిలితే కోన్ సెట్టు వదులైంది. తర్వాత హ్యాండిల్‌ను ఒక్క వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్టు అరిగింది. ఎందుకు మధ్యలోనే? మనం బండిని ఎక్కువగా తిన్నగానే నడుపుతాం. ప్రతి గుంతలోనూ దెబ్బ ఆ గుండ్ల మీద అదే చోట పడుతుంది. ఏళ్ల తరబడి పడగా అక్కడ చిన్న చిన్న పల్లాలు ఏర్పడతాయి. అలా అరిగినదాన్ని బిగించి పంపిస్తే నాలుగు రోజులు వణుకు అణిగినట్టు ఉంటుంది, నిదానంగా పోయేటప్పుడు మాత్రం బండి తాగినవాడిలా తూలుతుంది. బిగింపు వదులైనదానికి పనికొస్తుంది. అరిగినదాన్ని మార్చాల్సిందే.

అక్కడే ఉండి చక్రాన్ని పైనా కిందా పట్టుకొని అడ్డంగా ఊపండి. ఆట ఉంటే చక్రం బేరింగు. చక్రాన్ని తిప్పి, ఫోర్కుకు ఆనించి ఒక పుల్లను రిమ్ము దగ్గరగా పట్టుకోండి. ఒకచోట తగిలి ఒకచోట తగలకపోతే రిమ్ముకు అవుట్ ఉంది. టైరు మీద అరచేయి రుద్దండి, మెట్లు మెట్లుగా తగిలితే టైరు వంకరగా అరిగింది. వెనక్కి వచ్చి వెనక చక్రాన్ని కూడా అడ్డంగా ఊపండి. చక్రంతో పాటు దాన్ని పట్టుకున్న స్వింగ్ ఆర్మ్ కూడా కదిలితే దాని బుష్షులు పోయినట్టు. చిన్న బళ్లలో ఈ బుష్షులను ఎవరూ పట్టించుకోరు. పాములా ఊగే బండికి ముందు కోన్ సెట్టు మార్చి, తర్వాత టైరు మార్చి, డబ్బంతా అయిపోయాక వీటి దగ్గరికి వస్తారు.

అన్నిటికంటే ముందు చూడవలసినది గాలి. మన దగ్గర ఎండాకాలం రాగానే "టైరు పగులుతాది" అని గాలి తగ్గించే అలవాటు ఉంది. ఇది తలకిందుల పని. గాలి తక్కువైన టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగేది ఎక్కువ వేడెక్కుతుంది, పైగా హ్యాండిల్‌కు వణుకు తెస్తుంది. ముందుకెంత, వెనకకెంత, ఇద్దరెక్కితే ఎంత అన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. మధ్యాహ్నం ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి చూసిన గాలి లెక్క అసలు లెక్క కాదు.

బరువు గురించి ఒక్క మాట. పాల క్యాన్లు, బుడ్డల మూట, గడ్డిమోపు, ఏదైనా వెనక ఇరుసు దాటి వెనక్కి వేలాడితే ముందు చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం చిన్న కారణానికే కొట్టుకుంటుంది. బతుకుదెరువు కోసం మోసే బరువును మోయవద్దని చెప్పడానికి నేనెవణ్ని? ముందుకు జరిపి కట్టండి, రెండు పక్కలా సమంగా ఉంచండి, నలభై దాటకండి.

మెకానిక్‌ల మీద ఒక ఫిర్యాదు, వాళ్ల తరఫున ఒక మాట. చక్రం లేపి చూడకుండానే "కోన్ సెట్టు పోయింది" అనడం వైద్యం కాదు, ఊహ. అయితే పొద్దున ఎనిమిదింటికి షెడ్డుకు పోయి, పది నిమిషాల్లో కావాలి, బస్సు దాటిపోతాదని తొందర పెట్టేది మనమే కదా. ఒక పూట బండి వదిలి రండి. ఎప్పటి నుంచి, ఏ వేగంలో, ఎంత బరువుతో అన్నది చెప్పి రండి.

మరి దారిలోనే వణుకు మొదలైతే? రాయచోటి నుంచి కడపకు పోతూ గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నారనుకోండి. దిగుడులో బరువంతా ముందుకు వస్తుంది, యాక్సిలరేటర్ మూసి ఉంటుంది, వెనక లారీ ఉంటుంది. ముందు బ్రేకు గబుక్కున పట్టకండి. హ్యాండిల్‌తో కుస్తీ పట్టకండి. మోకాళ్లతో ట్యాంకును అదిమి, ఒంటిని కొంచెం ముందుకు వంచి, హ్యాండిల్‌ను బిర్రబిగుసుకోకుండా నిలకడగా పట్టుకొని వేగాన్ని నిదానంగా తగ్గనివ్వండి. వెనక బ్రేకు మెల్లగా. పక్కకు తీసి ఆగండి. ఆగాక మళ్లీ ఎక్కి అదే వేగంతో పోవద్దు.

చట్టం దీని మీద ఏమంటుందో చాలామందికి తెలియదు. అదే చట్టంలో 190వ సెక్షన్ ఉంది. ప్రమాదం తెచ్చే లోపం బండిలో ఉందని తెలిసి గానీ, మామూలు జాగ్రత్తతో చూసుంటే తెలిసేదే అయినా చూడక గానీ, ఆ బండిని రోడ్డు మీద నడిపినవాడికీ, ఇంకొకరిని నడపనిచ్చినవాడికీ శిక్ష ఉంది. మామూలు జాగ్రత్త అన్న ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. "నాకు తెలీదు" అనడం సరిపోదంటోంది చట్టం. పెళ్లికి పోవడానికి తమ్ముడు బండి అడిగితే తాళం చేతిలో పెట్టి, "యాభై దాటొద్దురా, కొంచెం ఊగుతాది" అంటాం చూడండి, అక్కడ మనం హెచ్చరించామనుకుంటాం. నిజానికి తెలిసే ఇచ్చామని ఒప్పుకుంటున్నాం.

అమ్మకంలో ఇది ఇంకా ఎక్కువ. వణికే బండిని బాగు చేయించడం కంటే అమ్మేయడం చవక అనుకునేవాళ్లు మన మధ్యే ఉన్నారు. కడిగి, స్టిక్కర్లు వేసి, కొనేవాణ్ని ఊరి సందులో ఒక చుట్టు తిప్పి పంపిస్తారు. సందులో ముప్పైకి మించి పోలేడని వాళ్లకు తెలుసు. అలాంటి బేరాల్లో కొనేది ఎక్కువగా కొత్తగా పనిలో చేరిన కుర్రాడే, హైవే మీద రోజూ పోయి రావలసినవాడే. పాత బండి కొనేవాళ్లు సైలెన్సరు మోత, పెయింటు మెరుపు చూడటం తర్వాత పెట్టుకోండి. డబుల్ స్టాండ్ వేయించి ముందు చక్రం లేపమనండి, ఫోర్కు ఊపి, హ్యాండిల్ ఒక్క వేలితో తిప్పి చూడండి. రెండు నిమిషాల పని. అమ్మే మనిషి మంచివాడైతే తనే క్యారియరు మీద కూర్చుని చక్రం లేపుతాడు.