ఇనుప ఖనిజం: ధరకెక్కని కొండమట్టి

ఇనుప ఖనిజం బేరంలో కొనేవారు ముందుగా అడిగేవి ఇనుము శాతం, తేమ, లోడింగు ఎక్కడ అన్నవే. ఆ సరుకు తీయడానికి పక్కకు నెట్టిన మట్టీ రాయీ ఏమయ్యాయన్న ప్రశ్న బేరంలోకి రాదు. బళ్లారి జిల్లా సండూరు కొండల్లో ఆ మట్టి ఏళ్ల తరబడి వాలుల మీదనే గుట్టలుగా పడింది.

ఏది ఖనిజం, ఏది వ్యర్థం అన్నది చాలావరకు మార్కెట్టే తేలుస్తుంది. ఒకప్పుడు గిరాకీ అంతా లంప్స్‌కే. నాసిరకం ఫైన్స్ కొనే నాథుడు లేక డంపులో పడేవి. 2000 తర్వాత చైనా కొనుగోళ్లు ఊపందుకోగానే అవే ఫైన్స్ లారీలకెక్కి రేవులకు నడిచాయి. ఖనిజంగా లెక్కించవలసిన కనీస ఇనుము శాతాన్ని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ 2009లో 55 నుంచి 45కు దించింది. ధర మండితే పాత డంపు తవ్వుతారు, ధర పడితే నాసి సరుకు మళ్లీ అక్కడే పోస్తారు. రెండు విధాలా కదిలేది కొండ వాలే.

కొండ మీద సారమున్న మట్టి పొర అసలే పలుచన. చిరుమాను, బందారు వంటివి దాన్ని పట్టుకొని నిలిచేవి. డంపు మట్టి తీరు వేరు. అందులో సేంద్రియ పదార్థం నామమాత్రం, నత్రజని తక్కువ. ఉన్న కాస్త భాస్వరాన్నీ ఐరన్ ఆక్సైడ్లు పట్టి ఉంచి వేళ్లకు అందనివ్వవు. వదులు రాళ్ల మధ్య నీరు నిలవదు. గాలికి వచ్చిన విత్తనం మొలిచినా వేసవి దాటడం కష్టం. గట్టి వాన పడితే డంపుకు గండ్లు పడి ఎర్ర బురద వాగుల్లోకి, దిగువ చేలల్లోకి దిగుతుంది. ఇక దుమ్ము సంగతి: పత్తి విచ్చే రోజుల్లో అది కాయ మీద పడితే రంగు పోతుంది. రంగు పోయిన పత్తికి ఎంత కోత పడుతుందో ఈ పేజీ చదివే వారికి చెప్పనక్కర్లేదు. ఖనిజం ఖాతాలో మిగిలిన ఖర్చు రైతు చిట్టాలో నష్టంగా తేలుతుందన్నమాట.

సుప్రీంకోర్టు 2011 జూలైలో బళ్లారి తవ్వకాలను నిలిపివేసింది. ఆ తర్వాత గని గనికీ పునరుద్ధరణ ప్రణాళిక పెట్టి, 2013 ఏప్రిల్ తీర్పుతో షరతుల మీద దారి ఇచ్చింది. డంపు అడుగున రాతి గోడ, మెట్లుగా వాలు తగ్గింపు, వాగులకు చెక్ డ్యాములు, వాలు మీద కొబ్బరి పీచు చాపలు పరచి గడ్డి పెంచడం వంటివి ఇలాంటి పనులు. దండుగ ఖర్చని గొణిగేవారు లేకపోలేదు. అయితే 2011లో లారీలు నిలిచి, ఉక్కు కర్మాగారాలు ఖనిజం దొరక్క ఉత్పత్తి తగ్గించుకున్నప్పుడు పోయిన రొక్కాన్ని కూడా వారు లెక్క వేసుకోవాలి.

2022 ఆగస్టులో కోర్టు బళ్లారి ఉత్పత్తి పరిమితిని ఏడాదికి 280 లక్షల టన్నుల నుంచి 350 లక్షల టన్నులకు పెంచింది. ఉత్పత్తితో పాటు డంపూ పెరిగేదే. పైమట్టిని విడిగా తీసి, ఆలస్యం లేకుండా తిరిగి పరచాలి. ఏళ్ల తరబడి కుప్ప పెడితే అందులోని విత్తనాలూ సూక్ష్మజీవులూ నశిస్తాయి. నాటిన మొక్కల సంఖ్య కంటే మూడో వేసవి దాటిన మొక్కల సంఖ్య చూడాలి. ఈ పనికి టన్ను మీద కొంత పడితే దాన్ని ధరలో కలపడమే న్యాయం. ఇనుము శాతం, తేమ పక్కన డంపు పని ఎంతవరకు వచ్చిందన్న గడి కూడా కాంట్రాక్టులో ఉండాలని పెద్ద కొనుగోలుదారులు పట్టుబడితే గనుల వారు కాదనలేరు.