గంటకు నాలుగు మైళ్ల సహవాసం

ఇంగ్లండు కాలవల్లో పడవ గంటకు నాలుగు మైళ్లకు మించి పోకూడదు. గట్టుకు కట్టేసిన పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు ఇంకా తగ్గించాలి. లేకపోతే అల తగిలి లోపలివాళ్ల టీ ఒలుకుతుంది, తిట్లు మనకు తగులుతాయి. గట్టు మీద కుక్కను తిప్పుతున్న పెద్దాయన కూడా మనల్ని దాటిపోతాడు. వార్డుల్లో పరుగులు పెట్టి రిటైరైన నర్సును నేను. ఈ వేగానికి కాళ్లు సర్దుకున్నా, మనసు సర్దుకోవడానికి ఓ చలికాలం పట్టింది.

మాది నర్సాపురం. మా వారూ నేనూ ఇంగ్లండులోని ఇల్లు అమ్మాయికి అప్పగించి, పాతదొక నేరోబోటు కొనుక్కున్నాం. దాని పేరు ‘గోదావరి’. పడవ వెడల్పు ఏడడుగులు, అంతే. రెండొందల యాభై ఏళ్ల కిందట మిడ్లాండ్స్‌లో లాకులు ఆ కొలతకు కట్టారు కాబట్టి నేటికీ నేరోబోట్లన్నీ ఆ కొలతకే. పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా పెంచుకోవచ్చు. మా ఊరి ఇంటి వసారా దీనికన్నా వెడల్పు. నేను వంటింట్లోంచి వస్తుంటే ఆయన పక్కకు ఒత్తిగిలాలి. లాకు అంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు గానీ, ఇక్కడి చాలా లాకులకు వాటిని తెరిచే లస్కర్లు ఉండరు. తిప్పే ఇనప పిడి ఒకటి మన దగ్గరే ఉంచుకుని, తూములు మనమే ఎత్తి, ఆ బరువు తలుపులు నడుముతో మనమే నెట్టుకోవాలి.

అక్కడే దొరుకుతుంది సహవాసం. లాకు నిండటానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ ఎదురు పడవ వాళ్లతో మాట్లాడక తప్పదు. డివైజెస్ దగ్గర కేన్ హిల్‌లో వరసగా ఇరవై తొమ్మిది లాకులు. పైకి చేరేసరికి తోటి పడవ ఆవిడ మోకాలి ఆపరేషను, కొడుకు విడాకులు, దేవుడి మీద ఆవిడకున్న కోపం అన్నీ తెలిసిపోతాయి. ప్రార్థన చేయమంటారా అని అడిగితే కొందరు సరే అంటారు, కొందరు తలుపు నెట్టమంటారు. రెండూ పరిచర్యే అని నా అభిప్రాయం.

పడవల్లో ఉండే క్రైస్తవులకు ‘బోటర్స్ క్రిస్టియన్ ఫెలోషిప్’ అని ఒక సంఘం ఉంది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, బాప్టిస్టులు, కేథలిక్కులు అందరూ ఉంటారు. గుడి కట్టరు. పడవల పండగలప్పుడు గట్టు మీద మడత కుర్చీలు వేసుకుని ఆదివారం ఆరాధన జరుపుకుంటారు. వాన వస్తే గొడుగుల కింద పాడతారు. ఇక్కడ మనిషిని ఇంటిపేరుతో పిలవరు, పడవ పేరుతో పిలుస్తారు. ‘గోదావరి వాళ్లా మీరు? బ్రౌన్‌స్టన్ దగ్గర మీ పొగగొట్టం చూశాం’ అంటారు. మనం ఏ మలుపులో ఉన్నామో మనకన్నా ముందు వాళ్లకు తెలుసు.

ఇంత మంచిగా చెబుతున్నానని అంతా మంచే అనుకోకండి. కాలవ మనుషుల పట్ల చర్చి చరిత్ర అంత గొప్పదేం కాదు. డెవన్ నుంచి బౌడెన్, బీర్ దంపతులు 1836లో సువార్త పట్టుకుని బయల్దేరి, సముద్రాలు దాటి మా నర్సాపురం వచ్చారు. వాళ్ల దేశంలో అదే కాలంలో బొగ్గు మోసే పడవ కుటుంబాలను మాత్రం గుడి గుమ్మంలోకి రానిచ్చేవాళ్లు తక్కువ. ఆ మసి బట్టలూ, ఆదివారం కూడా ఆగని సరుకూ ఎవరికీ నచ్చేవి కావు. ఆక్స్‌ఫర్డ్‌లో 1839లో వాళ్ల కోసం తేలే చాపెల్ ఒకటి పెట్టింది బిషప్పు కాదు, హెన్రీ వార్డ్ అనే బొగ్గు వర్తకుడు. 1868లో అది మునిగిపోయింది.

ఆ తర్వాత కోల్విల్ జార్జ్ స్మిత్ వచ్చాడు. చిన్నతనంలో ఇటుకల బట్టీలో పనిచేసిన మెథడిస్టు. పడవ గదుల్లో కిక్కిరిసిన పిల్లల గురించి ఊరూరా చెప్పి, 1877లోనూ 1884లోనూ కెనాల్ బోట్స్ చట్టాలు తెప్పించాడు. పడవను రిజిస్టరు చేయాలి, గదికి ఇంతమందే ఉండాలి, పిల్లలు బడికి పోవాలి అని రాయించాడు. మేలే చేశాడు. కానీ ఆ మేలు కోసం పడవవాళ్లందరినీ తాగుబోతులనీ, దేవుణ్ణి ఎరగనివాళ్లనీ ఎంత నల్లగా చిత్రించాడంటే, ఎవరి కోసం పోరాడాడో వాళ్లే ఆయన మీద మండిపడ్డారు. జాలిపడేవాడు పక్కన కూర్చోడు, ఎత్తున నిలబడి వేలు చూపిస్తాడు. మన ఊళ్లలోనూ ఇలాంటి పరిచర్య చూశాను.

నాకు నచ్చేది సిస్టర్ మేరీ. సన్యాసిని కాదు, నాలాగే నర్సు. స్టోక్ బ్రూర్న్‌లో లాకుల పక్కనే ఆమె ఇల్లు, తండ్రి పడవలకు తాళ్లు అమ్మేవాడు. అక్కడ ఏడు లాకులు, ఆపైన రెండున్నర కిలోమీటర్లు దాటిన బ్లిస్‌వర్త్ సొరంగం. అంటే ప్రతి పడవా అక్కడ నెమ్మదించక తప్పదు. కాలిన చేతులకు కట్లు కట్టేది, పురుళ్లు పోసేది, చదువు రానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేది. చాలాకాలం ఖర్చు తన చేతిదే. 1951లో పతకమిచ్చారు. 1962లో పని మానేసింది. ఆ గుమ్మం ముందు పడవ ఆపినప్పుడల్లా నేను చూసేది లాకుకూ తలుపుకూ మధ్య దూరం. పట్టుమని పదడుగులు. రోగి నడవాల్సిన దూరం అంతే అన్నమాట. ఆ రోజుల్లోనే సాల్వేషన్ ఆర్మీ వాళ్లు సాల్వో, ఆస్టర్ అని రెండు పడవలు తీసుకుని పడవవాళ్ల మధ్యే కాపురం పెట్టారు. అదీ పద్ధతి.

సరుకు పడవలు పోయాయి. ఇప్పుడు నీళ్ల మీద రెండు రకాల మనుషులున్నారు. ఇత్తడి మెరుస్తూ, పైకప్పు మీద పూలకుండీలతో ఉండేవి మాలాంటి పింఛనుదారుల పడవలు. టార్పాలిన్ కప్పుకుని, పైన తడి కట్టెలు, పాత సైకిలు ఉండేవి అద్దె కట్టలేక నీళ్ల మీదికొచ్చినవాళ్లవి. ఫెలోషిప్ కూడికల్లో మొదటి రకమే ఎక్కువ, తలలు నెరిసినవే ఎక్కువ. రెండో రకం పడవ తలుపు తట్టేవాళ్లు ఎవరంటే వాటర్‌వేస్ చాప్లెన్సీ వాలంటీర్లు. గట్టు వెంట తమ వాటా మేర నడుస్తారు, పలకరిస్తారు, అడిగితే తప్ప వాక్యం ఎత్తరు.

పోయిన జనవరిలో మా వెనక ఒక పాత పడవ ఆగింది. పొగగొట్టంలోంచి పొగ రావట్లేదని మా వారే గమనించారు. లోపల డెబ్బై దాటిన మనిషి, రెండు కోట్లు వేసుకుని, దగ్గుతూ. ఊపిరి చప్పుడు వింటేనే నాకు అర్థమైంది. ఊళ్లో క్లినిక్కుకు తీసుకెళ్తే కౌంటర్ దగ్గర అమ్మాయి అడ్రసు రుజువు అడిగింది. పేరు నమోదుకు అడ్రసు రుజువు తప్పనిసరి కాదని ఇంగ్లండు వైద్య సేవ నియమం. ఆ నియమం కింద ఎన్నేళ్లు పనిచేశానో నాకు తెలుసు. అయినా నా మాట చెల్లలేదు. చాప్లెన్ ఆయన వచ్చి, అచ్చేసిన నియమం కాగితం కౌంటరు మీద పెట్టి, నవ్వుతూ కదలకుండా నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పేరెక్కింది, మందులొచ్చాయి. ఆ రోజు ఎవరూ ప్రార్థన చేయలేదు. నేను మాత్రం లోపల్లోపల చేసుకున్నాను లెండి.

సొంత రేవు లేని పడవ ఒకచోట పద్నాలుగు రోజులకు మించి ఉండకూడదని 1995 నాటి చట్టం. కదులుతూ ఉండాలి. కదిలే మనిషికి పోస్టు ఎక్కడికి రావాలి, పిల్లల బడి ఎక్కడ, డయాలసిస్ ఎక్కడ అన్నది చట్టం పట్టించుకోదు. కాలవలు చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్‌కు 2027 నుంచి ప్రభుత్వ సాయం విలువ తగ్గబోతోంది. రెండు వేల మైళ్ల కాలవలు, పాత లాకులు, కారే గట్లు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. కానీ 2024 ఏప్రిల్ నుంచి రేవు లేనివాళ్ల లైసెన్సు మీద అదనపు రుసుము వేసి, ఏటా పెంచుకుంటూ పోవడం అన్యాయమే. మాకు అది చిరాకు. టార్పాలిన్ పడవకు అది బొగ్గు బస్తా.

ఈ మాట తెలుగు పత్రికలో ఎందుకంటే, బ్రిటన్‌లో ఇప్పుడు తెలుగు సంఘాలు చాలా ఉన్నాయి. హాలు అద్దెలు, కీబోర్డు, స్క్రీను, యూట్యూబు లైవు, ఊరి నుంచి వచ్చే ప్రసంగీకుడికి విమానం టికెట్టు. పాటలు బాగా పాడతారు, బిర్యానీ బ్రహ్మాండంగా ఉంటుంది, నేను కాదనను. కానీ మూడు వరసల వెనక కూర్చునే కుర్రాడు వీసా పోయి ఎక్కడ పడుకుంటున్నాడో ఎవరికీ తెలియదు. వందనాలు చెప్పుకుని కార్లెక్కుతాం. డెబ్బై మైళ్ల వేగంతో మోటారు రోడ్డు మీద పోతూ ఎవరి పొగగొట్టం చూడగలం? ఊళ్లో ఉజ్జీవ సభల సంగతి నేనెత్తను, మా తమ్ముడు పాస్టరు, ఫోన్ చేసి దెబ్బలాడతాడు.

మేము వెళ్లే తెలుగు చర్చి వెనక గోడకు ఆనుకునే కాలవ పోతుంది. పాస్టరు గారిని ఒకటే అడిగాను. పడవవాళ్లు నలుగురైదుగురి ఉత్తరాలు చర్చి అడ్రసుకు రానిద్దామండి, ఒక అట్టపెట్టె పెడితే చాలు, నేనే సర్దుతాను అన్నాను. ఆయన మంచివారు. ‘తప్పకుండా అమ్మా, కమిటీలో పెడతాను’ అన్నారు. ఏప్రిల్ నుంచి అది కమిటీలోనే ఉంది. ఇన్సూరెన్సు సంగతి చూడాలట, ముందు సౌండ్ సిస్టమ్ తేలాలట. ఈలోగా ఆ దగ్గు ముసలాయన ఉత్తరాలు మా అమ్మాయి ఇంటికి వస్తున్నాయి.