పరుగు నేర్చుకొనుట

1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్ క్రీడలయందు స్త్రీలు తొలిసారి 800 మీటర్ల పందెమున పరుగెత్తిరి. కొందఱు మిక్కిలి యలసిరను నెపమున, స్త్రీదేహ మా శ్రమ కోర్వదని తలచి నిర్వాహకులు 1960 వఱకు ఆ పందెమును వారికి లేకుండ జేసిరి. ఆ యపోహ మన యిండ్లనుండి యింకను పూర్తిగా తొలగలేదు.

క్రొత్తగా మొదలిడువారికి వారమునకు మూడు దినములు చాలును. ఒక నిమిషము మెల్లగా పరుగెత్తి, రెండు నిమిషములు నడువవలెను. ఇట్లు ఏడెనిమిది మార్లు. పరుగెత్తుచు మాటలాడలేకపోయినచో వేగము హెచ్చినదని గ్రహింపుడు. ఊపిరి త్వరలోనే అలవడును. కీళ్లు గట్టిపడుటకు నెలలు పట్టును. కావున తొందర కూడదు. గుండెజబ్బు గలవారును, బాలింతలును ముందుగా వైద్యుల యనుమతి పొందవలెను.

చూచువా రేమందురో యను జంకు మాకును కలిగెను. పదిదినములలో చూచువారు విసిగిరి, మేము విసుగలేదు.