నా 'స'ని కోసేయకండి

ఈసారి కొత్త మాటల జాబితా లేదు. ఈసారి పోట్లాట. తెలుగులో పోట్లాడటం నాకు ఇదే మొదటిసారి, తప్పులుంటే చెప్పండి.

పోట్లాట ఎవరితో అంటే, ఇంట్లో పాడి రికార్డ్ చేసుకునే మనలాంటి వాళ్ళందరికీ ఒకే మందు రాసిచ్చే వాళ్ళతో. "గొంతు గరుకుగా ఉందా? డీఎస్సర్ పెట్టు. 6 కిలోహెర్ట్జ్ దగ్గర కోసెయ్. హై ఎండ్ నున్నగా వస్తుంది." డీఎస్సర్ అంటే 'స' శబ్దం గట్టిగా వచ్చినప్పుడల్లా దాన్ని తగ్గించే ప్లగిన్. నేనూ ఆ మందు మింగాను.

మా అక్కకి పాప పుట్టినప్పుడు ఒక జోలపాట పాడాను. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో, నా గదిలో. చవక కండెన్సర్ మైకు, పక్కనే పెద్ద కిటికీ. ప్రతి 'స' సూదిలా గుచ్చింది. డీఎస్సర్ బాగా బిగించాను. వెన్నలా వచ్చింది. గర్వంగా గుంటూరులో అమ్మమ్మకి వాట్సాప్‌లో పంపాను.

అమ్మమ్మ ఫోన్ చేసింది. "ఏమే, పళ్ళు ఊడిపోయాయా?"

నవ్వాను. తర్వాత మళ్ళీ విన్నాను. ఆవిడ చెప్పింది నిజం. 'స'లో పైభాగం కోసేస్తే మిగిలేది బోసినోటి 'స'.

అసలు సంగతి ఇక్కడుంది. 'స' బలమంతా సుమారుగా 5 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది. 'ష' బలం ఇంకా కింద, 3 దగ్గర మొదలవుతుంది. ఆ పైభాగం పోతే రెండూ దగ్గరైపోతాయి. మన తెలుగుకి ఇంకొకటి ఉంది. 'చేప'లో చ వేరు, 'చాప'లో చ వేరు. చాప, చలి, చాలు అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గరికి వెళ్తుంది, చివర్లో చిన్న 'స' వినిపిస్తుంది. జల్లులో జ కూడా అంతే. వీటికి యూనికోడ్‌లో ౘ, ౙ అని వేరే అక్షరాలు కూడా ఉన్నాయి. మామూలు రాతలో మనం వాటిని వాడం, కాబట్టి మనలాంటి వాళ్ళకి ఆ తేడా తెలిసేది చెవితోనే. ఆ చెవికి అందే చోటునే ప్లగిన్ కోసేస్తోంది.

ఇప్పుడు సిగ్గుపడే మాట. ఆ నున్నదనం నాకు ఎందుకు నచ్చిందో తెలుసా? నా 'చలి' ఇంగ్లీష్ 'చ'తో ఉంది. కోసేశాక ఆ తప్పు సరిగ్గా వినపడలేదు. నేను గొంతుని అందంగా చేయలేదు, తప్పు మీద దుప్పటి కప్పాను.

"మరి గుచ్చే 'స'ని అలాగే వదిలేయాలా?" అంటారు. వద్దు. చెవులు నొప్పి పుడితే పాట ఎవరు వింటారు? కానీ పని మైకు దగ్గర మొదలుపెట్టండి. 1982లో వచ్చిన 'థ్రిల్లర్' ఆల్బమ్‌లో మైకేల్ జాక్సన్ గొంతుని బ్రూస్ స్వీడియన్ రికార్డ్ చేసింది ష్యూర్ ఎస్‌ఎం7 అనే డైనమిక్ మైకుతో. అది కండెన్సర్ కాదు. చవక కండెన్సర్లు చాలావాటిలో పైభాగాన్ని ముందే పెంచి ఉంచుతారు. మనం డబ్బిచ్చి పెంచిన గరుకుని కొని, మళ్ళీ ప్లగిన్‌తో కోస్తున్నాం!

నేను ఇప్పుడు చేసేది ఇది. కిటికీ పక్కన పాడను. బట్టల అల్మరా తలుపు తీసి, బట్టలకి ఎదురుగా నిలబడతాను. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి తిప్పి పెడతాను, అప్పుడు గాలి నేరుగా తగలదు. తర్వాత గుచ్చే 'స'లని ఒక్కొక్కటిగా చేత్తో 3, 4 డెసిబెల్స్ తగ్గిస్తాను. మూడు నిమిషాల పాటకి అరగంట పడుతుంది. పడనీ. డీఎస్సర్ చివర్లో, చిటికెడు ఉప్పు లాగా.

ఒక పరీక్ష కూడా ఉంది. చేప, చాప, విసనకర్ర, విషం అని రికార్డ్ చేయండి. మీ ప్లగిన్లన్నీ పెట్టి వినండి. తేడా పోతే, మీ సెట్టింగ్ తప్పు. ప్లగిన్లు తీసేసినా తేడా లేకపోతే, తప్పు నోటిది. నాది అదే. దానికి ప్లగిన్ లేదు, అమ్మమ్మ ఉంది.

ఈ అక్షరాలు మనకి ఊరికే రాలేదు. ఇంట్లో అందరూ నవ్వుతుంటే, ముప్పైసార్లు తప్పు పలికి నేర్చుకున్నాం. వాటిని ఒక్క బటన్‌తో అరగదీయకండి.

జోలపాట మళ్ళీ పాడి పంపాను. కొంచెం గరుకుగానే ఉంది. అమ్మమ్మ అంది, "ఇప్పుడు పళ్ళు వచ్చాయి. 'చలి' మాత్రం ఇంకోసారి అను."

అంటున్నాను. రోజూ.